అమ్మ ఇంటికొచ్చింది, మీ అందరికీ కృతజ్ఞతలు

అమ్మకి మూలకణ మార్పిడి, అంటే రక్తాన్ని పుట్టించే కణాలు దాత నుంచి తీసి ఎక్కించడం, జరిగి మొన్న ఆదివారానికి వంద రోజులు దాటాయి. నిన్న శ్రీకాకుళంలో మా ఇంట్లో అడుగుపెట్టింది. ఇన్నాళ్లూ ఫోన్ చేసిన వాళ్లకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, మన్నించండి.

అమ్మది ఎక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. కీమోతో తగ్గినా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని, మార్పిడి చేయించాలని అన్నారు. మొదట చూపించిన ఆసుపత్రిలో, ఇద్దరు మావయ్యలూ పూర్తిగా మ్యాచ్ కాలేదని తెలియగానే ఇక దారి లేదనేశారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు.

తర్వాత హైదరాబాద్‌లో హెచ్ఎల్ఏ రిపోర్టు ముందు పెట్టుకుని, గంటసేపు ఓపిగ్గా విడమరిచిన డాక్టరమ్మకి ముందుగా నా నమస్కారం. ఏది మనది, ఏది పరాయిది అని ఒంటికి గుర్తు చెప్పేవి ఈ హెచ్ఎల్ఏ అనే జన్యువులేనట. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. అందుకే తోబుట్టువులు పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. కన్నపిల్లలు ఎలాగూ సగం కలుస్తారు. ఇప్పుడు సగం కలిసినా మార్పిడి చేస్తున్నారు. కణాలు ఎక్కించాక మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇస్తారు. అమ్మ ఒంటి మీద తిరగబడే దాత కణాలు దాంతో చాలావరకు అణిగిపోతాయి.

అయితే నేనే ఇస్తానన్నాను. కుదరదన్నారు. నన్ను కడుపులో మోసినప్పుడు, నాలో ఉన్న నాన్న వైపు సగాన్ని అమ్మ రక్తం పరాయిదిగా గుర్తుపెట్టుకుందట. దానికి ఎదురుగా యాంటీబాడీలు బాగా ఉన్నాయి, నా కణాలు ఇస్తే నిలబడకపోవచ్చు అన్నారు. చెల్లికీ నాన్న నుంచి అదే సగం వచ్చింది. కన్నకొడుకుని ఉండి ఏమీ చేయలేకపోతున్నానని ఆ రోజు వార్డు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

పెద్ద మావయ్య అసలు కలవలేదు. చిన్న మావయ్య సగం కలిశాడు, ఆయనకి ఎదురుగా యాంటీబాడీలు లేవు. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉభాలు, అంటే వరినాట్లు, జరుగుతున్న రోజులవి. ఫోన్ చేస్తే, "అప్పకేనా? ఎప్పుడు రమ్మంటారో చెప్పరా" అన్నాడు, అంతే. మర్నాడే రైలెక్కాడు. మూలకణాలు ఎముకల్లోంచి రక్తంలోకి రావడానికి ఐదు రోజులు ఇంజెక్షన్లు చేశారు. ఎముకలు సలుపుతుంటే రాత్రుళ్లు గోడకి ఆనుకుని కూర్చునేవాడు, అమ్మకి చెప్పొద్దనేవాడు. రక్తంలోంచి ఆ కణాల్ని వేరుచేసే యంత్రం పక్కన నాలుగు గంటలు చెయ్యి కదపకుండా పడుకున్నాడు. చివరికి చేతికొచ్చింది ఒక చిన్న సంచి, పల్చటి టమాటా రసం రంగులో. అది చుక్కచుక్కగా దిగుతున్నంతసేపూ అమ్మ దాన్నే చూస్తూ ఉంది. పద్దెనిమిదో రోజున న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల కౌంట్ 500 దాటింది, అంటే మావయ్య కణాలు అమ్మలో నిలబడ్డట్టే.

నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చిన మన సిక్కోలు కుర్రాళ్లు తొమ్మిది మంది. ఒక్కరూ టీ డబ్బులు కూడా తీసుకోలేదు. మావయ్య లేని రోజుల్లో ఆయన మడి నాటిపెట్టిన ఊరివాళ్లకి, వాళ్లకి వండిపెట్టిన అత్తకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

మావయ్యా, ఆ మడి కోతకొచ్చిందని అత్త చెప్పింది. ఆదివారం వస్తున్నాను. నాకూ ఒక కొడవలి ఉంచు.