అమ్మలూ, ట్రెయిలర్ తగిలించే ముందు ఇవి చూసుకో

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలూ, స్టార్ట్ చేసిన వీడియో చూశాను. 1997 డాడ్జ్ ర్యామ్ 2500 పికప్, పన్నెండు వాల్వుల కమ్మిన్స్ డీజిలు ఇంజను, ఆటోమేటిక్ గేరుబాక్సు. మంచి బండే కొన్నావు. జంషెడ్‌పూర్‌లో టాటా కమ్మిన్స్ వాళ్లు చేసి టాటా లారీలకు బిగించిన 6బీటీ ఇంజనూ, నీ బండిలోదీ ఒకే జాతి. అవే ఆరు సిలిండర్లు, అదే 102 మిల్లీమీటర్ల బోరు, 120 స్ట్రోకు. ఇక్కడ ఆటోనగర్‌లో చేసే పనే అక్కడా పనికొస్తుంది. ఈ ఇంజను దానంతటది పాడవ్వదు, చుట్టూ ఉన్నవాటిని వదిలేస్తేనే పోతుంది. ట్రాక్టరును ట్రెయిలర్ మీద ఎక్కించి లాగాలి కాబట్టి ముందు ఇవి చూసుకో, పవర్ పెంచే సంగతి అందుకే వెనక్కి పెట్టాను.

పొద్దున పూట స్టార్టర్ చాలాసేపు తిప్పాల్సి వస్తోందనీ, సాయంత్రం ఒక్క దెబ్బకే అందుకుంటోందనీ అన్నావు. బ్యాటరీ మార్చకు. డీజిలు లైనులోకి గాలి పోతోంది. ఇంజను వెనకాల ఇనుప పైపులను కలిపే రబ్బరు గొట్టాలు ఉంటాయి. పాతబడి సన్నగా బీటలు వారతాయి. అక్కడ పంపు పీలుస్తుంది కాబట్టి డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. రాత్రంతా నిలబడితే లైనులో డీజిలు ట్యాంకులోకి జారిపోతుంది. సప్లై గొట్టం, రిటర్న్ గొట్టం రెండూ మార్పించు. లిఫ్ట్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిలు లాగే పంపు) ముందుండే ప్రీ-ఫిల్టర్ గిన్నె ఓ-రింగు కూడా కొత్తది వేయించు.

తర్వాత డీజిలు ఫిల్టరుకీ, సిలిండర్లకు డీజిలు కొట్టే ఇంజెక్షన్ పంపుకీ మధ్య ప్రెషర్ గేజ్ పెట్టించు. ఐడిల్‌లో 17 నుంచి 22 పీఎస్ఐ, 2500 ఆర్పీఎం దగ్గర 25 నుంచి 30 రావాలి. తగ్గితే ముందు ఫిల్టరు, ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు రిటర్న్ దగ్గరి ఓవర్‌ఫ్లో వాల్వు చూడు. దాని స్ప్రింగు బలం తగ్గి కూర్చుండిపోతుంది. ఆ రెండూ బాగుంటేనే లిఫ్ట్ పంపు వైపు చూడు. చాలామంది నేరుగా లిఫ్ట్ పంపు మార్చి డబ్బులు తగలేసుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యమైనది టైమింగ్ కవరు లోపల ఉంది. టైమింగ్ గేర్లుండే పెట్టెను, అంటే గేర్ హౌసింగ్‌ను, సరైన చోట నిలపడానికి కొట్టిన చిన్న ఉక్కు డోవెల్ పిన్ను అది. ఏళ్ల తరబడి వైబ్రేషన్‌కి మెల్లగా బయటికి జరుగుతుంది. గేర్ల మధ్య పడిందంటే హౌసింగ్ పగిలి, ఇంజనే పోవచ్చు. అమ్మినవాళ్లు ఈ పని చేయించారో లేదో బిల్లు అడుగు. బిల్లు లేకపోతే చేయించలేదనే అనుకో. కవరు విప్పి, పిన్నును లోపలికి కొట్టి, పక్క బోల్టు కింద చిన్న రేకు బిగిస్తే పిన్ను ఇక కదలదు. అప్పుడే క్రాంకు ముందువైపు ఆయిలు సీలు కూడా మార్చాలి. ఆ సీలుకు నూనె రాయకూడదు, క్రాంక్ శుభ్రంగా, పొడిగా ఉండాలి. అలవాటు కొద్దీ నూనె రాసేస్తారు, సీలు కారుతుంది. దగ్గరుండి చూడు.

అక్కడుండగానే రేడియేటరు కూడా చూడు. ఇంజను ముందున్న బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికి వదిలే గొట్టం) నుంచి ఆయిలు ఆవిరి ఫ్యాను గాలికి రేడియేటరు మీద పడుతుంది, దాని మీద దుమ్ము అంటుకుని పొరలా గట్టిపడుతుంది. ఖాళీ బండికి ఏమీ తెలియదు. ట్రెయిలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడే టెంపరేచర్ లేస్తుంది. డీగ్రీజరు కొట్టి, ఇంజను వైపు నుంచి బయటికి కడిగించు. బ్రీదర్ గొట్టాన్ని కిందికి దించించు.

టాపెట్లు, అంటే వాల్వుల గ్యాపు, నువ్వే సెట్ చేసుకోవచ్చు. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి. సిలిండర్‌కొక కవరు చొప్పున ఆరు కవర్లు తియ్యి. ఆరో సిలిండరు రెండు వాల్వులూ ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉంటే ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో పైన ఉన్నట్టు. ఆ స్థానం గుర్తించే టైమింగ్ పిన్ను పెట్టి చూస్తే, క్రాంకు తిప్పే ముందు దాన్ని బయటికి లాగడం మరిచిపోకు, విరుగుతుంది. ఆ స్థితిలో 1, 2, 4 సిలిండర్ల ఇన్‌టేక్ (గాలి లోపలికి వచ్చే) వాల్వులూ, 1, 3, 5 సిలిండర్ల ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వాల్వులూ సెట్ చెయ్యి. క్రాంకు ఒక చుట్టు తిప్పి 3, 5, 6 ఇన్‌టేక్, 2, 4, 6 ఎగ్జాస్ట్ సెట్ చెయ్యి. ఇన్‌టేక్ గ్యాప్ 0.010 అంగుళం, ఎగ్జాస్ట్ 0.020. ఫీలర్ బ్లేడు లాగితే కొంచెం పట్టుకున్నట్టుండాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలువు, బిగిస్తుంటే స్క్రూ కాస్త తిరుగుతుంది. ఎగ్జాస్ట్ గ్యాప్ తక్కువైతే వాల్వు సరిగ్గా కూర్చోక కాలిపోతుంది.

ఇంజను ఆయిలు ఫిల్టరుతో కలిపి 11 క్వార్టులు, 15డబ్ల్యూ-40.

ఇక పవర్. ముందు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులో, టర్బోకి ముందు, పైరోమీటరు (పొగ వేడి కొలిచే మీటరు) పెట్టించు. అది లేకుండా ఇంజెక్షన్ పంపు మీద ఒక్క స్క్రూ కూడా తిప్పనివ్వకు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు 1250 ఫారన్‌హీట్ దాటి నిలబడకూడదు, అల్యూమినియం పిస్టను తట్టుకోదు. నల్లపొగ పవర్‌కి గుర్తు కాదు, గాలి చాలని డీజిలు అది. కాబట్టి మొదట గాలి దారి చూడు. ఇంటర్‌కూలర్ గొట్టాల్లోకి 20 పీఎస్ఐ గాలి పట్టి సర్ఫు నీళ్లు పోస్తే లీకు ఎక్కడుందో బుడగలు చెబుతాయి. ఆ లీకులు మూసేసరికే పవర్ చాలడం లేదన్న ఫిర్యాదు సగం పోతుంది. ఇంకా కావాలంటే పంపు మీది ఏఎఫ్‌సీని (టర్బో గాలిని బట్టి డీజిలు పెంచే భాగం) కొద్దికొద్దిగా, పొగ లేచీ లేవనట్టు ఉండేంతవరకే తిప్పించు. పంపులో డీజిలుకు హద్దు పెట్టే ఫ్యూయల్ ప్లేటు జోలికి వెళ్లొద్దు, ఎందుకంటే ఇంజను తట్టుకున్నా నీ బండిలోని 47ఆర్‌ఈ గేరుబాక్సు తట్టుకోదు. ముందు పోయేది అదే.

ఆ గేరుబాక్సు ఆయిలు వేడి మీద, ఇంజను నడుస్తుండగా, న్యూట్రల్‌లో చూడాలి. పార్కులో చూస్తే తప్పు లెక్క వస్తుంది. వెయ్యాల్సింది ఏటీఎఫ్+4 రకం గేరుబాక్సు ఆయిలు. థ్రాటిల్ నుంచి గేరుబాక్సుకు వెళ్లే టీవీ (థ్రాటిల్ వాల్వు) కేబుల్ వదులైతే లోపల ప్రెషర్ తగ్గి క్లచ్చులు జారి కాలిపోతాయి, అది తప్పకుండా చూపించు. ఎత్తు వచ్చినప్పుడు ఓవర్‌డ్రైవ్ ఆపి 2000 ఆర్పీఎం దగ్గర ఉంచు. తక్కువ ఆర్పీఎంలో పెడలు నొక్కి లాగితే టర్బో గాలి ఇవ్వలేదు, పైరోమీటరు పైకి పోతుంది. బండి నిలిపాక వెంటనే ఇంజను ఆపకు, పైరోమీటరు 350 ఫారన్‌హీట్‌కి దిగేదాకా ఐడిల్‌లో ఉంచు. లేకపోతే టర్బో బేరింగులో ఆయిలు మాడుతుంది.

ట్రాక్టరు, ట్రెయిలరు కలిపి 8000 పౌండ్లు అనుకుంటే హిచ్ (ట్రెయిలరు తగిలించే కొక్కెం) మీద 800 నుంచి 1200 పడాలి. తక్కువైతే ట్రెయిలరు తోక ఊపుతుంది. ట్రెయిలరు మీద ట్రాక్టరును ముందుకీ వెనక్కీ జరిపి, ట్రక్ స్టాపులో క్యాట్ స్కేలు (బండ్లు తూచే కాటా) మీద తూయించు. ట్రెయిలరు బ్రేకు కంట్రోలరు సెట్ చేసి ఖాళీ రోడ్డు మీద పరీక్షించు. అల్లుడుగారిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఊపమని, నువ్వు కింద ట్రాక్ బార్ (ముందు యాక్సిలు పక్కకు జరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే కడ్డీ) ఫ్రేము వైపు చివర చూడు. అక్కడ లూజు కనిపిస్తే అది మార్చేదాకా ట్రెయిలరు తగిలించకు.

గొట్టాలు మార్చాక ప్రెషర్ గేజ్ రీడింగులు ఐడిల్‌లో ఒకటి, 2500 దగ్గర ఒకటి ఫోటో తీసి పంపు. టైమింగ్ కవరు విప్పిన రోజు ఆ పిన్ను ఎంత బయటికి వచ్చిందో కూడా చూపించు.

మీ నాన్న