ఆ సున్నా ఎవరి లెక్కలో వేశారు?

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 24, 2024న టోక్యో డోమ్‌లో తైవాన్ జట్టు జపాన్‌ని 4-0తో ఓడించి ప్రీమియర్-12 బేస్‌బాల్ కప్పు గెలిచిన వార్తను మీరు ఆటల పేజీలో అడుగున నాలుగు వాక్యాల్లో వేశారు. హైదరాబాద్‌లో బేస్‌బాల్‌కి ఆ చోటు దొరకడమే గొప్ప. నా పేచీ అది కాదు. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిది. 'క్యాచర్ లిన్ చియా-చెంగ్ హోమ్ రన్‌తో ఖాతా తెరిచాడు' అని ఒక వాక్యం రాసి, ఆయన్ని అక్కడితో వదిలేశారు. అయిదో ఇన్నింగ్స్‌లో ఆ ఒక్క పరుగు హోమ్ రన్, వెంటనే చెన్ చియే-షియెన్ కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్, ఈ రెండూ కలిస్తే నాలుగు. సరే, పక్కనున్న సున్నా ఎవరిది?

నేను 1980ల్లో ఇక్కడి లీగ్‌లో కీపింగ్ చేసినవాణ్ణి. పరేడ్ గ్రౌండ్స్‌లో మ్యాటింగ్ మీద ఆడేవాళ్లం. చాప అంచు తగిలిన బంతి ఎటు లేస్తుందో దానికే తెలియదు. ఇరానీ చాయ్ కప్పు పట్టుకుంటే నా కుడి చిటికెన వేలు ఇప్పటికీ దానిపాటికి అది రోడ్డు వైపు చూస్తుంది. మోకాళ్ల సంగతి అడక్కండి, మెట్లున్న ఇళ్లకు పేరంటానికి పిలిచినా వెళ్లను.

మా మేనల్లుడు తైపీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఆదివారం వీడియో కాల్ చేసి, ఫోను టీవీ ముందు నిలబెట్టాడు. నాకు ఆ ఆట రూల్స్ సగమే వచ్చు. అయినా చూపు మాత్రం క్యాచర్ మీంచి కదల్లేదు. మన ఆటలో బౌలర్ ఎటు వేస్తే కీపర్ అటు పరుగెత్తాలి. అక్కడ తలకిందులు. క్యాచర్ గొంతుక్కూర్చుని ముందే మిట్, అంటే తన గ్లవ్, ఒక చోట పెడతాడు, బంతి విసిరే పిచర్ దాన్ని చూసి విసురుతాడు. ఏ బంతి వెయ్యాలో సైగ చేసేదీ చాలాసార్లు క్యాచరే. మైదానంలో మిగతా ఎనిమిది మందీ బ్యాటర్ వైపు చూస్తుంటారు, అతనొక్కడే అందరి మొహాలూ చూస్తాడు. 18.44 మీటర్ల అవతల నుంచి గంటకి 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి అర సెకను కూడా పట్టదు. మొదటి నాలుగు ఇన్నింగ్స్ వేసిన పిచర్ లిన్ యూ-మిన్, ఈ చియా-చెంగ్ ఇద్దరూ అమెరికాలో డైమండ్‌బ్యాక్స్ అనే బేస్‌బాల్ క్లబ్బు సంస్థలో ఆడినవాళ్లే.

ఆ అమెరికా కథ కూడా మీ పాఠకులకు చెప్పాల్సింది. చియా-చెంగ్ తైవాన్ నుంచి కాలిఫోర్నియా వెళ్లి హైస్కూలు చదివాడు. 2016లో సియాటిల్ మరినర్స్ జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, ఎంచుకుంటే, కాదని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. 2019లో డైమండ్‌బ్యాక్స్ తీసుకుంది. మరుసటి ఏడాదే కోవిడ్ వల్ల కింది స్థాయి మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయింది. ఆ తర్వాత మెట్టు మెట్టు ఎక్కుతూ పైనున్న మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఉన్న రీనో జట్టు దాకా వచ్చాడు. పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా పడకుండానే టోక్యో డోమ్‌లో ఆ రాత్రి వచ్చింది. హోమ్ రన్ కొట్టకపోయి ఉంటే మీరు పేరైనా వేసేవాళ్లా?

మన దగ్గరా ఇంతే కదా. 1971 వెస్టిండీస్ టూర్ అంటే అందరికీ గవాస్కర్ 774 పరుగులు నోటికి వచ్చు. ఆయన ఆడినవి నాలుగు టెస్టులు. అయిదు టెస్టుల్లోనూ స్టంప్స్ వెనక నిలబడ్డది మన హైదరాబాదీ పి. కృష్ణమూర్తి. ఆ సిరీస్ మనం గెలిచాం. ఆయనకి మళ్లీ టెస్టు దక్కలేదు. స్కోరు కార్డులో కీపర్ తప్పులకి 'బైలు' అని ఒక గడి ఉంటుంది. ఆపిన బంతులకి మాత్రం ఏ గడీ లేదు.

మీ వార్త ఫొటో తీసి మేనల్లుడికి వాట్సాప్‌లో పంపాను. "మామయ్యా, ఇక్కడ నాలుగు రోజులుగా ఇదే గోల, మీ దగ్గర ఇంతేనా" అన్నాడు. చోటు సంగతి మీ ఇష్టం. ఈసారి క్యాచర్ గురించి రాస్తే, అవతలి జట్టుకి ఎన్ని పరుగులు వచ్చాయో అదే వాక్యంలో వేయండి.

– ఒక మాజీ వికెట్ కీపర్,
బర్కత్‌పురా, హైదరాబాద్