స్టెరాయిడ్ మాత్రలు రాసేటప్పుడు దాంపత్యం సంగతీ చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

కీళ్లవాతం, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్, తీవ్రమైన ఉబ్బసం, మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్లు ఉబ్బే నెఫ్రోటిక్ సిండ్రోమ్, చర్మం మీద బొబ్బలు లేచే పెంఫిగస్ వంటి జబ్బుల్లో, మూత్రపిండాల మార్పిడి తర్వాత, నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు వాడవలసి వస్తుంది. తిన్నాక వేసుకోండి, ఉప్పు తగ్గించండి, షుగరు, బీపీ చూపించుకుంటూ ఉండండి అని చెప్పే వైద్యులు చాలామందే ఉన్నారు. ఆ మాత్రల వల్ల భార్యాభర్తల మధ్య ఏం మార్పు రావచ్చో, ఏది వట్టి భయమో చెప్పేవారు మాత్రం అరుదు. ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటర్ వెనుక ఉద్యోగ జీవితమంతా గడిపిన ఫార్మసిస్టుగా, ఈ మౌనం వల్ల జరుగుతున్న నష్టాన్ని మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖల దృష్టికి తేదలచాను.

కౌంటర్ దగ్గర ఈ ప్రశ్నను ఎవరూ సూటిగా అడగరు. మాత్రలు తీసుకుని పక్కకు వెళ్లిన మనిషి, వరుస పలచబడ్డాక మళ్లీ వచ్చి, కిటికీలోకి కాస్త వంగి, ‘ఇవి బాగా వేడి చేస్తాయా సార్?’ అంటాడు. ఆడవాళ్లయితే అదీ అడగరు. లోపల ఉన్న నర్సమ్మను పిలిపించుకుని చెప్పుకుంటారు, లేదా చెప్పుకోకుండానే వెళ్లిపోతారు. ఓపీ గదిలో పక్కన అత్తగారో, మామగారో నిలబడి ఉండగా, వెనుక పాతికమంది తోసుకుంటుండగా ఈ మాట ఎత్తడం రోగికీ కష్టమే, వైద్యుడికీ కష్టమే. అందుకే ఆ మాట చెప్పుకునే ఏర్పాటు ఆసుపత్రే చేయాలంటున్నాను.

చెప్పవలసినది అంత పెద్ద శాస్త్రమేమీ కాదు. స్టెరాయిడ్లు వాడుతున్నంత మాత్రాన కలయిక మానుకోవలసిన పని లేదు. అయితే ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినప్పుడు కొందరు మగవారిలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తగ్గి కోరిక సన్నగిల్లవచ్చు, అంగస్తంభనలో ఇబ్బంది రావచ్చు. ఆడవారిలో నెలసరి క్రమం తప్పవచ్చు. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి, షుగరు పెరిగినప్పుడు దురదతో కూడిన తెల్లబట్ట వచ్చి కలయిక నొప్పిగా మారవచ్చు. అది ఫంగస్ వల్ల వచ్చేది, మందుతో తగ్గేది. నడవడికకు దానితో సంబంధం లేదు. ఈ ఒక్క మాట సమయానికి చెప్పేవారు లేక ఇంట్లో అనుమానాలు, మాటపట్టింపులు మొదలైన సంగతులు నా చెవిన పడ్డాయి. జబ్బు తెచ్చే నొప్పి, నీరసం, దిగులు కూడా కోరికను చంపుతాయి కనుక నెపమంతా మాత్ర మీదికి నెట్టడమూ సరికాదు. చాలామందికి జబ్బు అదుపులోకి వచ్చి, వైద్యులు మోతాదు తగ్గిస్తూ వచ్చేకొద్దీ పరిస్థితి మెరుగుపడుతుంది.

శరీరంలో మార్పుల కన్నా మనసుకు తగిలే దెబ్బ పెద్దదని నా అభిప్రాయం. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, మొటిమలు వస్తాయి, పొట్ట మీద, తొడల మీద ఎర్రటి చారలు పడతాయి, కొందరు స్త్రీలకు గడ్డం దగ్గర నూగు పెరుగుతుంది. అద్దంలో తనను తానే గుర్తుపట్టలేని స్త్రీ భర్త దగ్గరకు వెళ్లడానికి జంకితే, అతడు దాన్ని అయిష్టంగా భావిస్తాడు. దానికి తోడు నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం కూడా ఈ మందు లక్షణాలే. వైద్యుడు రోజుకు ఒకే మోతాదు రాసి ఉంటే, దాన్ని పొద్దున టిఫిన్ తిన్న వెంటనే వేసుకుంటే రాత్రి నిద్ర కొంత నయమవుతుంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటూ, నిద్రలేక, చిరాకుతో ఇల్లంతా తలకిందులు చేసుకున్నవారికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేయడం. ‘ఇవి వేసుకుంటే సంసారానికి పనికిరారట’ అని ఎవరో అన్నారని ఒకరు, పెళ్లి దగ్గరపడుతోంది, ఫొటోల్లో మొహం ఉబ్బి కనబడుతుందని పెద్దలు ఒత్తిడి చేస్తే ఒకరు, ఉన్నట్టుండి ఆపేస్తారు. కొన్ని వారాలపాటు బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి కావలసిన సహజ స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ ఉత్పత్తిని తగ్గించుకుంటాయి. మాత్ర హఠాత్తుగా ఆగితే అవి వెంటనే అందుకోలేవు. వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. దీనికితోడు అణిగి ఉన్న జబ్బు తిరగబెడుతుంది. మోతాదును మెట్టుమెట్టుగా తగ్గించవలసింది వైద్యుడే.

పిల్లల విషయం మరొకటి. లూపస్ ఎక్కువగా పిల్లలను కనే వయసులోని స్త్రీలకే వస్తుంది. ప్రెడ్నిసొలోన్‌ను అవసరమైతే గర్భంలోనూ వైద్యుల పర్యవేక్షణలో కొనసాగిస్తారు. కానీ దాని జతగా రాసే మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. వాటిని వాడుతున్నంత కాలం గర్భం రాకుండా చూసుకోవాలి, బిడ్డ కావాలనుకుంటే ముందే వైద్యునితో మాట్లాడి మందు మార్చుకోవాలి. ఏ గర్భనిరోధక పద్ధతి అన్నదీ ఆలోచించవలసిందే. ప్రభుత్వ కేంద్రాల్లో మూడు నెలలకోసారి ఉచితంగా ఇచ్చే ‘అంతర’ ఇంజెక్షన్‌కు ఎముకల సాంద్రతను కొంత తగ్గించే గుణం ఉంది. స్టెరాయిడ్లకూ అదే గుణం. ఈ రెండూ ఒకే స్త్రీకి, ఒకరికి తెలియకుండా ఒకరు ఇవ్వడం మంచిది కాదు. ఎముకల మాట వచ్చింది కనుక ఇంకొకటి: కలయికలోనో, నడకలోనో గజ్జల దగ్గర నొప్పి విడవకుండా వస్తుంటే సిగ్గుపడి ఓర్చుకోకూడదు. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారిలో తుంటి కీలుకు రక్తప్రసరణ తగ్గి ఎముక దెబ్బతినే అవకాశం ఉంది.

మందుల షాపుల్లో అడిగిందే తడవుగా ఇచ్చే ట్యూబుల సంగతి వేరే లేఖకు సరిపడేంత ఉంది. గజ్జల్లో తామర వస్తే చాలామంది స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసుకుంటారు. దురద తగ్గినట్టే తగ్గి, తామర పాకుతుంది, చర్మం పలచబడుతుంది, భార్యకో భర్తకో అంటుకుంటుంది. 2018లో కేంద్రం ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేనిదే అమ్మరాదన్నా అమ్మకాలు ఆగలేదు. జిమ్ముల్లో కండల కోసం తీసుకునే స్టెరాయిడ్లు ఈ మాత్రలతో సంబంధం లేని వేరే రకం. వాటి అపఖ్యాతిని ఉబ్బసం రోగి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు అంటగట్టడం అన్యాయం.

2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం రోగికి మందు గురించి వివరించి చెప్పడం ఫార్మసిస్టు విధి. ఆ విధి నిర్వహించే చోటు ఏ ఆసుపత్రిలో ఉంది? బ్రిటన్‌లో దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారికి, హఠాత్తుగా ఆపరాదని హెచ్చరించే కార్డు ఇస్తారు. అలాంటిదే తేట తెలుగులో అచ్చువేయించి, దాని వెనుక వైపు దాంపత్యం, నెలసరి, గర్భనిరోధం గురించి నాలుగు వాక్యాలు చేర్చాలి. ముందుగా బోధనాసుపత్రుల రుమటాలజీ (కీళ్లవాతం, లూపస్ వంటివి), నెఫ్రాలజీ (మూత్రపిండాలు), చర్మవ్యాధుల ఓపీల్లో దీన్ని మొదలుపెట్టవచ్చు. మందుల కౌంటర్ పక్కన తలుపు వేసుకునే వీలున్న చిన్న గది ఒకటి కేటాయించి, వారంలో కొన్ని పూటలైనా అక్కడ ఒక మహిళా ఫార్మసిస్టునో, నర్సునో కూర్చోబెట్టాలి. ‘అంతర’ ఇంజెక్షన్ ఇచ్చే ముందు స్టెరాయిడ్లు వాడుతున్నారా అని అడగమని ఏఎన్‌ఎంలకు ఆదేశాలివ్వాలి.

పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
విశ్రాంత ఫార్మసిస్టు,
ఖమ్మం