మా బాపు గుండె కోసం నిలబడ్డ అందరికీ

బాపుకు నిన్న హనుమకొండలో మళ్లీ ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. గుండె పంపింగ్, అంటే ఈఎఫ్, 45 శాతం వచ్చింది. ఆపరేషన్‌కు ముందు 30 ఉండేది. ఈ మాట చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరికీ ఫోన్ చేయలేక ఇక్కడ రాస్తున్నాను.

2014లో హార్ట్ బ్లాక్ వచ్చి, అంటే గుండెను కొట్టించే కరెంటు దారిలో అడ్డు పడి, బాపుకు పేస్‌మేకర్ పెట్టారు. ఆయన ప్రాణం నిలబెట్టింది అదే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలారు, పొలం చూసుకున్నారు. రెండేళ్ల కింద ఆయాసం మొదలైంది. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి మంచం మీద కూర్చునేవారు. కాలి మీద వేలితో నొక్కితే పడ్డ గుంట చాలాసేపటిదాకా పోయేది కాదు. పేస్‌మేకర్ చెక్ చేయిస్తే బ్యాటరీ బాగుంది, వైర్లు బాగున్నాయి అనేవారు. మెషిన్ బాగుంటే మనిషి ఎందుకు ఇట్లయితున్నాడని అమ్మ ఒకటే టెన్షన్.

అమ్మ ప్రశ్నకు జవాబు దొరికింది హనుమకొండలో ఎకో తీసిన డాక్టరమ్మ దగ్గర. 2014 నాటి రిపోర్టు ఉందా అని అడిగి, పాలిథిన్ కవర్లోంచి తీసి ఇస్తే లైను లైనూ చదివారు. అప్పుడు పంపింగ్ 60. యాంజియోలో రక్తనాళాల్లో బ్లాకులు లేవు, గుండెపోటూ ఎప్పుడూ రాలేదు. వెంటనే పేస్‌మేకర్ టెక్నీషియన్‌ను పిలిపించారు. ఆ తమ్ముడు బాపు ఛాతీ మీద మెషిన్ ముక్క ఆనించి స్క్రీన్ మా వైపు తిప్పాడు. గుండె కింది గదిని 99 శాతం పేస్‌మేకరే కొట్టిస్తోంది.

డాక్టరమ్మ బాపుకు అర్థమయ్యేలా చెప్పారు. కరెంటు మామూలుగా తన దారిలో వస్తే గుండె రెండు వైపులా ఒకేసారి ముడుచుకుంటుంది. వైరు కుడి గది కొనలో ఉంటే కరెంటు కండరంలోంచి మెల్లగా పాకుతూ ఎడమ గోడకు ఆలస్యంగా చేరుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందు, ఒకటి వెనక నడిచినట్టు. ఏళ్ల తరబడి అట్లా నడిస్తే కొందరిలో ఎడమ గది సాగి బలం తగ్గుతుంది. పేస్‌మేకర్ ఉన్న అందరికీ ఇట్లా కాదు. కింది గదిని ఎక్కువగా అదే నడిపిస్తున్నవాళ్లలో నూటికి 10 నుంచి 20 మందికి రావచ్చట. మంచి సంగతి ఏమిటంటే, కనిపెట్టి సరిచేస్తే చాలామందికి గుండె మళ్లీ కోలుకుంటుంది. ఆ ఒక్క మాటతో అమ్మ ఆ రోజు అన్నం తిన్నది.

హైదరాబాద్‌లో సీఆర్‌టీ చేశారు, అంటే గుండె రెండు వైపులనూ ఒకేసారి కొట్టించే పేస్‌మేకర్ ఆపరేషన్. పాత వైర్లు ఉన్న సిర బాగా సన్నబడిందని ముందే డై వేసి చూసుకున్నారు. ఓపిగ్గా దారి చేసుకుని, గుండె వెనక సిరలోంచి మూడో వైరును ఎడమ గది మీదికి చేర్చారు. ఇప్పుడు రెండు వైపులా కలిపి కొట్టిస్తోంది. గుండె కరెంటు దారిలోనే వైరు పెట్టే కొత్త పద్ధతి గురించీ చెప్పారు, బాపుకు ఏది సరిపోతుందో, పాత చోటే మళ్లీ కోస్తే ఇన్ఫెక్షన్ భయం ఎంతో దాచకుండా వివరించారు. అట్లా కూర్చోబెట్టి చెప్పే డాక్టర్ దొరకడం మా అదృష్టం. గోలీలు మాత్రం ఆపొద్దన్నారు, ఉప్పూ తగ్గించమన్నారు. మామిడికాయ తొక్కు బంద్ అయిందని బాపుకు ఇప్పటికీ కోపమే.

ఆ డాక్టరమ్మకు, టెక్నీషియన్ తమ్ముడికి, హైదరాబాద్ డాక్టర్‌గారికి, రాత్రుళ్లు బాపు పక్కన నిలబడ్డ సిస్టర్లకు చేతులెత్తి మొక్కుతున్నా. అడగకముందే చిట్టీ ఎత్తి డబ్బులు చేతిలో పెట్టిన బావకు, నడిరాత్రి కారు తీసిన మా వాడ తమ్ముడికి, మేం ఆసుపత్రిలో ఉంటే మా చేన్ల పత్తి ఏరి ఇంటికి చేర్చిన వదినలకు, అక్కలకు ఏమిచ్చినా రుణం తీరదు.

మీ ఇంట్లో పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లకు ఆయాసం, కాళ్లవాపు కనిపిస్తే బ్యాటరీ ఒక్కటే చూపించుకుని రాకండి. ఎకో తీయమని, పేసింగ్, అంటే గుండెను పేస్‌మేకర్ కొట్టించేది, ఎంత శాతం ఉందో చెప్పమని అడగండి. పరకాల చుట్టుపక్కల ఎవరికైనా హైదరాబాద్ పోవడానికి తోడు కావాలంటే నాకు చెప్పండి, నేను వస్తాను.