అలాస్కాకు నాలుగు రోజులు చాలవు

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు నయాగరాతో సరిపెట్టుకోవడం లేదు, అలాస్కా కూడా చూడాలంటున్నారు. సియాటిల్‌లో ఉండే మా అమ్మాయి, అల్లుడితో కలిసి మా ఆవిడా నేనూ గత జూన్‌లో వెళ్లివచ్చాం. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ని కాబట్టి దారి గురించే రాస్తున్నాను.

అల్లుడు మొదట కారులో వెళ్దామన్నాడు. సియాటిల్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్ నగరానికి సుమారు 3,600 కిలోమీటర్లు. దారిలో ఎక్కువ భాగం కెనడాలోదే. మనది భారత పాస్‌పోర్టు, అమెరికా వీసా ఉన్నా కెనడా వీసా విడిగా తీసుకోవాల్సిందే. హోటల్ గదులకు డబ్బు కట్టేశాక గాని ఈ సంగతి మాకు తెలియలేదు. చివరికి విమానమెక్కాం.

మేం చూడ్డానికి వెళ్లిన డెనాలి నేషనల్ పార్కు సుమారు 24,000 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే పెద్దది. అంతటికీ ఒకటే రోడ్డు, 92 మైళ్లు. వేసవిలో సొంత కార్లను 15వ మైలు దాటనివ్వరు, అక్కడినుంచి మట్టి రోడ్డు మీద పార్కు బస్సులే. అదీ పూర్తిగా లేదు. నేల లోపలి మంచు కరిగి కొండవాలు జారడంతో 2021 ఆగస్టులో రోడ్డు మధ్యలో మూసేశారు. మా బస్సు 43వ మైలు దగ్గరే వెనక్కి తిరిగింది. మూసేసిన చోటికి అవతల ఉన్న వండర్ లేక్ సరస్సు ఫొటో చూసి ఆశపడేవాళ్లు టికెట్టు కొనేముందే ఈ విషయం కనుక్కోవాలి.

బస్సు కదిలేముందు డ్రైవరమ్మ, జంతువు కనబడితే ఆపమని గట్టిగా అరవండి అని చెప్పింది. మా ఆవిడ "ఆపమ్మా!" అని తెలుగులోనే అరిచింది. పిల్లలతో తల్లి ఎలుగు. ముందుకాళ్ల గోళ్లతో గడ్డి పెళ్లలు లేపి, మట్టి దులిపి వేళ్లు తింటోంది. డ్రైవరమ్మ ఇంజను ఆపేసింది. ఎలుగు గట్టు దాటేవరకు మళ్లీ తాళం తిప్పలేదు. టైము షీటు చూసుకుంటూ బతికిన నాకు ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

6,190 మీటర్ల డెనాలి శిఖరం మాత్రం రెండు రోజులూ మబ్బులోనే ఉండిపోయింది. మూడో రాత్రికి టల్కీట్నా అనే ఊళ్లో గది తీసుకున్నాం కాబట్టి సరిపోయింది. తెల్లవారి నాలుగింటికే వెలుతురు. నది ఒడ్డుకు వెళితే ఎదురుగా కొండ, అడుగునుంచి కొనదాకా తెల్లగా. మా ఆవిడ చెప్పులు విడిచి నిలబడింది.

మీ ప్రయాణాల పేజీలో అందమైన ఫొటోల పక్కనే వీసా సంగతి, రోడ్డు పరిస్థితి కూడా వేయండి. నాలుగు రోజులు చాలవు, కనీసం ఏడు రోజులు పెట్టుకోమని రాయండి.

– విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు, తెనాలి