నీ పాత ల్యాప్‌టాప్ సంగతి

నల్లకుంట,
9 నవంబర్ 2025, ఆదివారం

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. పెద్ద విషయమేమీ లేదు, నీ పాత ల్యాప్‌టాప్ బాగుచేశాను, ఆ సంగతి చెబుదామని. ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి, కానీ దీపావళి రోజు చేసిన తర్వాత నీ ఫోన్ లేదు. మేం చేస్తే 'మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చేస్తా' అని మెసేజ్ వస్తోంది. ఇరవై రోజుల మీటింగ్ నా ముప్ఫై నాలుగేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. సరే, అది అలా ఉంచు.

అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, నీకు తెలిసే ఉంటుంది. పదకొండుకి మారుదామంటే ఈ కంప్యూటర్‌కి అర్హత లేదని వచ్చింది. నీది ఆరో తరం ఐ5 ప్రాసెసర్, వాళ్ళ జాబితా దాదాపు ఎనిమిదో తరం దగ్గర మొదలవుతుందట. 2016లో నువ్వు సెకండియర్‌లో ఉండగా యాభై రెండు వేలు పోసి కొన్నాం. ఆ రోజు మీ అమ్మ పెట్టిన కుంకుమ బొట్టు మరక మూత మూల ఇంకా అలాగే ఉంది. పార్క్‌లేన్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే అతను మూత కూడా తెరవకుండా, "ఇది అయిపోయింది అంకుల్, ఎక్స్‌ఛేంజ్‌లో రెండు వేలిస్తా, కొత్తది తీసుకోండి" అన్నాడు. స్క్రీన్ మీద గీత లేదు, బ్యాటరీ గంటన్నర వస్తోంది, 'ఎన్' మీట ఒక్కటి గట్టిగా నొక్కాలి. ఎవరో ఎక్కడో కూర్చుని జాబితాలోంచి పేరు కొట్టేస్తే, పనిచేసేది పనికిరానిదైపోతుందా? నాకు ఒళ్ళు మండి సంచీలో పెట్టుకుని వచ్చేశాను. నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా అప్‌డేట్లు పొడిగిస్తారని మూడో అంతస్తు వరుణ్ చెప్పాడు. గడువు పొడిగించుకున్నవాళ్ళని చాలామందినే చూశాను, వద్దన్నాను. అయితే విండోస్ బదులు లినక్స్ వేసుకోండి అంకుల్ అన్నాడు.

మొన్న వనభోజనాల్లో శ్యామల పిన్ని కలిసింది. మీ కంపెనీలో చాలామందిని తీసేశారని రఘుకి ఎవరో చెప్పారట. "మన సుధకేం ఫరవాలేదుగా బావగారూ" అంది అందరి ముందూ. దానికేం, నిక్షేపంగా ఉందన్నాను. పులిహోర బాగా కుదిరింది ఆ రోజు. మీ అమ్మ మాత్రం విస్తరి ముందు నుంచి సగంలో లేచిపోయింది.

వరుణ్ చెప్పింది లినక్స్‌లో మింట్ అనే రకం. అంటే పుదీనాయేగా అంది మీ అమ్మ. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అన్నదైతే మన 4 జీబీ ర్యామ్‌కి బరువు కాదట. ఫైలు దాదాపు 3 జీబీ. దింపాక, వచ్చింది సరైన ఫైలో కాదో చూసుకోవడానికి ఒక పద్ధతుంది. అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిసి మొత్తం 64 ఉండే వరస ఒకటి వాళ్ళ సైట్‌లో పెడతారు. మన దగ్గరున్న ఫైలుకి కంప్యూటర్ కట్టిన వరస దానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూస్తే చాలన్నాడు వరుణ్. అలా చూసి చెక్కులు పాస్ చేసినవాళ్ళ గతి నాకు తెలుసు. మీ అమ్మ చేతికి ఫోనిచ్చి సైట్‌లోది పైకి చదవమన్నాను. నేను మనది కాగితం మీద రాసుకుని ఎర్రపెన్నుతో కూర్చున్నాను. మొదటి అక్షరమే కలవలేదు. రెండోదీ అంతే. "సరిగ్గా చదువు" అన్నాను. "నేను ఉన్నదే చదువుతున్నాను, మీరే తప్పు రాసుకున్నారు" అంది. మళ్ళీ మొదటి నుంచి. ఈలోగా కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఇద్దరం లెక్కపెట్టలేదు, పప్పు అడుగంటింది. వరుణ్‌ని పిలిస్తే వచ్చి, డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయిందా అంకుల్ అన్నాడు. పోయింది. ఫైలులో పిసరంత తేడా వచ్చినా వరస మొత్తం మారిపోతుందట. పది పైసల తేడాకి రాత్రి పదింటిదాకా బ్యాంకులో కూర్చున్నవాణ్ణి, నాకీ పద్ధతి తెగ నచ్చింది. మళ్ళీ దింపాం. ఈసారి అరవై నాలుగూ కలిశాయి. ఆఖరి అక్షరం చదివి మీ అమ్మ, "ఇప్పుడు దానికి ఫోన్ చేద్దామా" అంది. చేశాం. నువ్వు ఎత్తలేదు.

ఆ ఫైలుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కితే మింట్ పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, లోపలి డిస్క్ జోలికి పోదు. నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకోవడం. అక్కడ వైఫై కనపడలేదు. ఫోన్‌ని వైరుతో తగిలించి దాని నెట్ ఇస్తే, వైఫైని నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్‌ని అదే వెతుక్కుంది.

డిస్క్ చెరిపేముందు నీ ఫైళ్ళన్నీ రెండు చోట్ల కాపీ చేశాను. 'న్యూ ఫోల్డర్ 3'లో క్యాంపస్ అప్పటి నీ రెజ్యూమే దొరికింది. తండ్రి వృత్తి బ్యాంక్ మేనేజర్ అని రాశావు. అప్పటికి నేను హెడ్ క్యాషియర్‌ని. కింద ఫోన్ నంబర్ మాత్రం నాదే ఇచ్చావు, ఎవరైనా చేస్తే నేనే నిజం చెప్పేసేవాణ్ణి. అబద్ధాలు నీకు అప్పుడూ చేతకాలేదు.

నువ్వూ అన్నీ రెండు చోట్ల పెట్టుకో. పే స్లిప్పులు, ఫారం 16, అపాయింట్‌మెంట్ లెటర్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉంటే లాభం లేదు, అది వాళ్ళది, ఒక్క పూటలో వెనక్కి తీసుకుంటారు. పాత కంపెనీ పీఎఫ్ ఇందులోకి మార్పించుకున్నావా? మార్పించుకుంటేనే పాత సర్వీసు కలుస్తుంది, ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. అసలు ముట్టుకోకు. రాజీనామా నువ్వే రాసిమ్మని ఎవరైనా తొందరపెడితే, ఇంటికెళ్ళి చదువుకుని రేపిస్తానను. ఆఫీసు ఇన్సూరెన్సు ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. ఇదంతా జనరల్‌గా చెబుతున్నాను, వరుణ్‌కి కూడా చెప్పాను.

ఇప్పుడు ల్యాప్‌టాప్ బాగా నడుస్తోంది. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయట. ఈ ఉత్తరం దాంట్లోనే కొట్టాను. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి, నాలుగు రోజుల్లో అలవాటైంది. 'ల' వచ్చి ఆ పాడు 'ఎన్' మీట మీదే కూర్చుంది, ఎక్కడైనా ఎగిరిపోతే కలుపుకుని చదువుకో.

నీ పేరున కూడా ఒక యూజర్ తెరిచాను. పాస్‌వర్డ్ నువ్వే వచ్చి పెట్టుకోవాలి. నీ గదిలో అట్టపెట్టెలు తీయించాం, దోమతెర మార్చాం. రాత్రి కాచిగూడ రైలెక్కితే నీకు ఒక్క పూట ప్రయాణం. ఎన్నాళ్ళుంటావని ఇక్కడ ఎవరూ అడగరు. అద్దెకి ఇబ్బందిగా ఉంటే నాకొక్కడికే మెసేజ్ పెట్టు, అమ్మకి బీపీ మాత్ర మార్చారు ఈమధ్యే.

శుక్రవారం రఘు బెంగళూరు వస్తున్నాడు, వాడి చేత ఉసిరికాయ పచ్చడి పంపిస్తోంది మీ అమ్మ. ఈ ఉత్తరం వాడికివ్వలేదు, శంకరమఠం దగ్గర ప్రింటు తీయించి పోస్టు చేస్తున్నాను. వాడు ఏం అడిగినా నువ్వు చెప్పక్కర్లేదు, సీసా తీసుకుని టీ ఇచ్చి పంపించెయ్. మూత బిగుతుగా ఉంటుంది, చాకుతో తీయకు, వేణ్ణీళ్ళలో బోర్లించు.

నాన్న