జన్మహక్కుకు ప్రవేశ పరీక్షా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పుట్టి పెరిగినవారికే ఆ దేశపు పౌరసత్వ పరీక్ష పెడితే మూడింట రెండొంతుల మంది గట్టెక్కలేకపోయారని మీ పత్రికలో వచ్చిన కథనాన్నీ, దాన్ని ఆధారం చేసుకుని మన దగ్గర కూడా ఇలాంటి పరీక్ష పెట్టి, నెగ్గినవారికే ఓటరు కార్డు ఇవ్వాలని ఒక పాఠకులు రాసిన లేఖనూ చదివాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, రాజ్యాంగం గురించి జనానికి నాలుగు ముక్కలు తెలియాలన్న కోరిక నాకు ఆ పాఠకుల కంటే తక్కువేమీ కాదు. కానీ ఆ అంకెలు చెబుతున్నది ఒకటి, ఆయన వాటి నుంచి తీసిన నిర్ణయం మరొకటి.

ముందు ఆ అంకెల సంగతి. కథనంలోనివి చాలావరకు 2018లో వుడ్రో విల్సన్ ఫౌండేషన్ అనే సంస్థ వెయ్యి మంది వయోజనులతో జరిపించిన సర్వేలోనివి. పౌరసత్వ పరీక్షలోని ప్రశ్నలను బహుళైచ్ఛిక రూపంలో అడిగితే, కావలసిన మార్కులు తెచ్చుకున్నవారు 36 శాతమే. తమ సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఉంటారని 57 శాతం మందికి తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ దేశం ఎవరెవరితో పోరాడిందో 60 శాతం మంది చెప్పలేకపోయారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్ బల్బు కనిపెట్టాడని 37 శాతం మంది నమ్మారు. 65 ఏళ్లు దాటినవారిలో 74 శాతం మంది నెగ్గితే, 45 ఏళ్ల లోపువారిలో నెగ్గినవారు 19 శాతమే. మరుసటి సంవత్సరం అదే సంస్థ 41 వేల మందిని అడిగి చూసినప్పుడు, యాభై రాష్ట్రాల్లో ఒక్క వెర్మాంట్‌లో మాత్రమే సగానికి పైగా నెగ్గారు. నవ్వుకోవడానికి ఇందులో కావలసినంత సరుకు ఉంది, కాదనను.

ఈ వార్త ఎక్కడ వచ్చినా దాని పక్కనే మరో మాట కూడా ఉంటుంది: వలస వచ్చి పౌరసత్వం కోరేవారిలో తొంభై శాతానికి పైగా ఇదే పరీక్షలో ఉత్తీర్ణులవుతారని. అంకె సరైనదే, పోలికే సరైనది కాదు. వలస వచ్చినవారికి ఆ ప్రశ్నలూ జవాబులూ ప్రభుత్వమే ముందుగా ప్రచురించి చేతికిస్తుంది. 2008 నాటి పద్ధతిలో వంద ప్రశ్నల పట్టిక ఉండేది. అధికారి అందులోంచి పది వరకు నోటితో అడిగి, ఆరు సరైన జవాబులు రాగానే ఆపేసేవాడు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసుకున్నవారికి పట్టికలో 128 ప్రశ్నలున్నాయి, ఇరవై వరకు అడుగుతారు, పన్నెండు చెప్పాలి. తప్పినవారికి మరో అవకాశం కూడా ఉంటుంది. సాధారణంగా అయిదేళ్లు గ్రీన్‌కార్డుతో ఉండి, ఏడు వందల డాలర్లకు పైగా రుసుము కట్టి, ఓటు హక్కూ పాస్‌పోర్టూ కళ్ల ముందు కనిపిస్తుండగా ఆ పట్టికను చేతపట్టినవాడు చదవకుండా ఉంటాడా? సర్వేవారు అడిగితే ఉన్నపళంగా బదులిచ్చిన ఒహాయో రాష్ట్రపు మనిషికి జవాబు తప్పయితే పోయేదేమిటి? ఒకరు చదువుకుని వచ్చారు, మరొకరిని పరీక్ష ఉందని కూడా చెప్పకుండా కూర్చోబెట్టారు. ఈ ఇద్దరి మార్కులను పక్కపక్కన పెట్టి ఎవరు మెరుగైన పౌరులో తేల్చే పని ఏ బడిలోనూ ఏ ఉపాధ్యాయుడూ చేయడు.

ఈ పరీక్ష తీరు మన కుటుంబాలకు కొత్తది కాదు. 65 ఏళ్లు నిండి, ఇరవై ఏళ్లు గ్రీన్‌కార్డుతో ఉన్న వృద్ధులకు ఇంగ్లిషు పరీక్ష ఉండదు. ఇరవై ప్రశ్నల చిన్న పట్టిక చదువుకుంటే చాలు, జవాబులు దుభాషి సాయంతో మాతృభాషలోనే చెప్పవచ్చు. న్యూజెర్సీలో కూతురి దగ్గర ఉంటున్న మా పెద్దక్కయ్య ఆ విధంగా తెలుగులోనే పరీక్ష ఇచ్చింది. లింకన్ ఏం చేశాడు, స్వాతంత్ర్య దినం ఎప్పుడు అన్నవాటిని విష్ణు సహస్రనామం వల్లించినట్టు వల్లించి, కూర్చున్నంతలో ముగించుకుని వచ్చింది. ఆవిడకు ప్రశ్నలు అడిగి తయారుచేసినవాడు అక్కడే పుట్టిన మనవడు. రాజ్యాంగానికి ఇంతవరకు ఎన్ని సవరణలు జరిగాయని ఆవిడ పట్టిక పక్కన పెట్టి ఎదురడిగితే వాడు తెల్లమొహం వేశాడట. ఇరవై ఏడు. అంతమాత్రాన అమ్మమ్మ కంటే మనవడు తక్కువ అమెరికన్ అని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అమెరికా గడ్డ మీద పుట్టడంతోనే వాడికి పౌరసత్వం ఇచ్చినది 1868 నాటి పధ్నాలుగో సవరణ, ప్రశ్నల పట్టిక కాదు.

ఇక ఆ పట్టికలోని జవాబుల సంగతి చూడండి. ఒక సెనేటరు (అమెరికా చట్టసభలో ఎగువసభ సభ్యుడు) ఎవరికి ప్రతినిధి అన్న ప్రశ్నకు 2008 పట్టికలో జవాబు "ఆ రాష్ట్ర ప్రజలందరికీ" అని ఉండేది. ట్రంప్ మొదటి ప్రభుత్వం 2020 డిసెంబరులో తెచ్చిన కొత్త పట్టికలో అది "ఆ రాష్ట్ర పౌరులకు" అయింది. అంటే గ్రీన్‌కార్డు మీద అక్కడ పన్నులు కడుతున్న లక్షలాది మందికి సెనేటులో ప్రతినిధి ఉన్నాడా లేడా అన్న పెద్ద రాజకీయ వివాదం చడీచప్పుడు లేకుండా ఒక జవాబులో తేలిపోయింది. విమర్శలు వచ్చాయి, బైడెన్ ప్రభుత్వం రాగానే 2021లో పాత పట్టికకు మళ్లారు. అలాగే అంతర్యుద్ధానికి దారితీసిన సమస్య ఒకటి చెప్పమంటే బానిసత్వం అన్నా, ఆర్థిక కారణాలు అన్నా, రాష్ట్రాల హక్కులు అన్నా 2008 పట్టిక సరైనదిగానే ఒప్పుకునేది. బానిసత్వాన్ని కప్పిపుచ్చడానికే రాష్ట్రాల హక్కుల మాట ఎత్తుతారని వాదించే చరిత్రకారుడు ఆ మూడింటికీ సమానంగా మార్కులు వేయగలడా? మనకూ అంతే. కొన్నేళ్ల కిందట ఆంధ్రప్రదేశ్‌లో ఎవరైనా ఇలాంటి పరీక్ష పెట్టి "మీ రాష్ట్ర రాజధాని ఏది" అని అడిగి ఉంటే, జవాబు పత్రం దిద్దే ఉపాధ్యాయుడి అవస్థ దేవుడికే తెలియాలి!

బ్రిటన్‌లో 2005 నుంచి ఉన్న పరీక్షలో 45 నిమిషాల్లో 24 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, పద్దెనిమిది సరైనవి కావాలి. తాను స్వయంగా ఆ పరీక్ష రాసి అక్కడి పౌరుడైన డర్హమ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు థామ్ బ్రూక్స్ 2013లో దాన్ని పరిశీలించి, పబ్బుల్లో పెట్టే నాసిరకం క్విజ్‌తో పోల్చాడు. లండన్‌లో మొదటి కూర భోజనశాలను 1810లో మన పాట్నా మనిషి షేక్ దీన్ మహమ్మద్ తెరిచాడన్న సంగతి పాఠ్యపుస్తకంలో ఉందట, అంబులెన్సును పిలవడం ఎలాగో మాత్రం తీసేశారట. ఇలాంటి పుస్తకం చదవని ఆంగ్లేయుడు ఆ పరీక్షలో తప్పకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇంతవరకు చెప్పినది నవ్వి వదిలేయదగిన విషయమే. పరీక్షను ఓటుకు ముడిపెట్టాలన్న సూచన అలా వదిలేయదగినది కాదు, ఎందుకంటే సొంత దేశంలో పుట్టినవారికి రాజ్యాంగ జ్ఞానంలో పరీక్ష పెట్టి ఓటు ఇచ్చే పద్ధతి అమెరికాలో ఒకప్పుడు నిజంగానే, దశాబ్దాల పాటు, చట్టబద్ధంగా నడిచింది. మిసిసిపీ రాష్ట్రం 1890లో రాసుకున్న రాజ్యాంగం ప్రకారం ఓటరుగా నమోదు కావాలంటే ఆ రాజ్యాంగంలోని ఒక సెక్షన్ చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. 1954లో దీన్ని ఇంకా బిగించి, చదవడమే కాక దాని అర్థాన్ని రాసి చూపాలన్నారు. ఏ సెక్షన్ ఇవ్వాలో, రాసిన అర్థం సరిపోయిందో లేదో తేల్చేది నమోదు అధికారి. తెల్లవాడికి రెండు వాక్యాల సెక్షన్, నల్లజాతి ఉపాధ్యాయుడికి న్యాయవాదులు కూడా తలపట్టుకునే సెక్షన్. మరికొన్ని దక్షిణ రాష్ట్రాల్లో అయితే, అంతర్యుద్ధం ముగిసిన కాలానికే తండ్రికో తాతకో ఓటు ఉన్నవారిని పరీక్ష లేకుండానే వదిలేసేవారు. తాతలు బానిసలైనవారికి ఆ వెసులుబాటు ఎక్కడినుంచి వస్తుంది? ఈ తాతల మినహాయింపును అమెరికా సుప్రీంకోర్టు 1915లో కొట్టేసినా పరీక్షలు మాత్రం నిలిచాయి. 1965 ఆగస్టు 6న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓటు హక్కుల చట్టంపై సంతకం చేసేనాటికి మిసిసిపీలో అర్హులైన నల్లజాతివారిలో ఓటర్లుగా నమోదైనవారు ఏడు శాతం కూడా లేరు. ఆ చట్టంతో పరీక్ష ఎత్తివేశాక రెండేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య దాదాపు అరవై శాతానికి చేరింది. రెండేళ్లలో వాళ్లందరూ రాజ్యాంగ పండితులైపోలేదు గదా. అడ్డు తీశారు, అంతే. ప్రశ్నపత్రం ఎంత మంచిదైనా కావచ్చు, దాన్ని ఎవరికి ఎలా ఇస్తారు, ఎవరు దిద్దుతారు అన్నచోటే అధికారమంతా ఉంటుంది. కులమూ ధనమూ తహసీల్దారు కార్యాలయం గుమ్మం బయటే ఆగిపోతాయని నమ్మేవారికి తప్ప ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

మన రాజ్యాంగ నిర్మాతల ముందు కూడా ఈ ప్రశ్న ఉంది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు సుమారు 18 శాతం, హైదరాబాదు రాష్ట్రంలో అంతకంటే తక్కువ. అయినా 326వ అధికరణం కింద చదువుతో, ఆస్తితో, స్త్రీ పురుష భేదంతో నిమిత్తం లేకుండా 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు ఇచ్చారు. ఆ వయసును 1989 నుంచి 18కి తగ్గించారు. చదవలేనివారి కోసం అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు పెట్టారు. ఆ మొదటి ఎన్నికల్లోనే, సంతకం చేయడం రాని రైతుకూలీలు ఎక్కువగా ఉన్న నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. ఆయన రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా, తాము ఎవరికి ఎందుకు ఓటు వేస్తున్నామో ఆ ఓటర్లకు తెలియదని మాత్రం ఎవరూ అనలేరు. వారిలో ఎంతమంది రాజ్యసభకూ లోక్‌సభకూ తేడా చెప్పగలిగేవారు?

విదేశీయుల విషయంలో కూడా మన చట్టం ఇదే దారిలో నడిచింది. 1955 పౌరసత్వ చట్టం మూడో షెడ్యూలు ప్రకారం దేశీయకరణ ద్వారా మన పౌరసత్వం కోరేవారికి రాజ్యాంగ ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఒకటి తగినంతగా వచ్చి ఉండాలి. తెలుగైనా సరే. ప్రశ్నల పట్టిక మాత్రం లేదు.

అయితే పాఠకుల సూచనకు మన దేశంలోనే బంధువు ఒకటి ఉందని ఒప్పుకోవాలి. హర్యానా ప్రభుత్వం 2015లో పంచాయతీ అభ్యర్థులకు విద్యార్హత పెట్టింది: సాధారణ వర్గాల పురుషులకు పదో తరగతి, మహిళలకూ దళితులకూ ఎనిమిది, పంచ్ (వార్డు సభ్యుడి) పదవికి పోటీపడే దళిత మహిళలకు అయిదు. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. మంచి చెడుల విచక్షణ చదువుతోనే వస్తుందన్న అర్థం వచ్చే మాటలు ఆ తీర్పులో రాసినది మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన ధర్మాసనంలో కూర్చుని గొప్ప తీర్పు రాసిన న్యాయమూర్తి పట్ల నాకు చాలా గౌరవం ఉంది. ఈ ఒక్క తీర్పు మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. బడి లేని ఊళ్లో పుట్టిన ఆడపిల్ల చదువుకోలేదంటే ఆ తప్పు ప్రభుత్వానిదైతే, శిక్ష ఆమెకు పడింది. రాజస్థాన్ కూడా అలాంటి చట్టమే తెచ్చి, 2019లో తానే తీసేసింది.

మరి పుట్టిన దేశం గురించి జనానికి తెలియకపోతే ఏం చేయాలి? అమెరికాలో అరిజోనా 2015లో ఒక దారి తొక్కింది. హైస్కూలు పూర్తి కావాలంటే పౌరసత్వ పరీక్షలోని వంద ప్రశ్నల్లో అరవైకి సరైన జవాబు రాయాలన్నది. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని అనుసరించాయి. ఓటరు కార్డుకు ముడిపెట్టడం కంటే ఇది నూరు రెట్లు నయం. కానీ అలాంటి పరీక్షలు పెట్టిన రాష్ట్రాల్లో యువత ఓటు వేయడం చెప్పుకోదగినంతగా పెరగలేదని పరిశోధకులు చూపారు. మార్కుల కోసం చదివినది మార్కులతోనే పోతుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన పదో తరగతి విద్యార్థులు ప్రాథమిక విధులు పదకొండూ వరసగా రాయగలరు. వాళ్ల ఊరి గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగిందో, అందులో ఏ పనికి ఎంత డబ్బు కేటాయించారో అడిగి చూడండి. నేను పనిచేసిన బడుల్లో పిల్లలను పంచాయతీ కార్యాలయానికి తీసుకెళ్లి ఆదాయ వ్యయాల పట్టిక చూపించమని అడిగినప్పుడు, పిల్లల కంటే ముందు కార్యదర్శులు కంగారుపడేవారు. ఆ కాగితం చదివిన పిల్లలకు పంచాయతీరాజ్ పాఠం విడిగా చెప్పాల్సిన పని ఉండేది కాదు.

అందుచేత సంపాదకులకు రెండు విన్నపాలు. ఇకముందు ఇలాంటి సర్వేలు ప్రచురించేటప్పుడు ఆ ప్రశ్నలు ఎవరికి ముందుగా ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో కూడా ఒక వాక్యంలో రాయండి. రెండోది, మీ జిల్లా పేజీల్లో సినిమా క్విజ్‌కు వారం వారం ఇస్తున్న స్థలంలో సగమైనా ఆయా మండలాల్లో జరగబోయే గ్రామసభల తేదీలకూ, వాటి చర్చనీయాంశాలకూ కేటాయించండి.

ఇట్లు,
విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
ఖమ్మం.